కులం భైంసాలో, ఊరు మహారాష్ట్రలో: నా వ్యాలిడిటీ అనుభవం

మా ధర్మాబాద్ వైపు పిల్ల పదకొండో తరగతి సైన్సులో చేరిందంటే చుట్టాలు మార్కుల సంగతి తర్వాత, ముందు "వ్యాలిడిటీకి వేసిండ్రా?" అని అడుగుతారు. బాసర అవతల, నిజామాబాద్ వైపు ఉన్న మావాళ్లకు ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. తెలంగాణలో తహసీల్దారు ఇచ్చిన కుల ధ్రువపత్రం చేతిలో ఉంటే కౌన్సెలింగుకు పోవచ్చు. మహారాష్ట్రలో అది సగం పనే. ప్రాంత్ అధికారి (మన ఆర్డీవో లాంటివాడు) ఇచ్చిన కుల సర్టిఫికెట్ నిజమైనదేనని జిల్లా జాతి పడతాళణి సమితి విచారించి ఇంకో సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్నే వ్యాలిడిటీ అంటారు. అది లేకుంటే ఇంజనీరింగులో, మెడిసిన్‌లో రిజర్వేషన్ సీటు దక్కదు, రిజర్వు ఉద్యోగం నిలవదు, రిజర్వు పదవికి గెలిచిన సర్పంచి కుర్చీ కూడా నిలవదు.

మేం కుమ్మరులం. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో గోదావరికి దగ్గరగా ఒక పల్లె మాది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మిర్చి మార్కెట్లో రెండూ. మహారాష్ట్ర జాబితాలో మమ్మల్ని కుంభార్ అని రాస్తారు, ఓబీసీలో ఉంటాం, 19 శాతం వాటా. నది వెంట కొంచెం దిగువకు పోతే అదే కుమ్మరి తెలంగాణలో బీసీ-బి, ఆ గ్రూపుకు 10 శాతం. మా ఊరి పక్క తండాలోని లంబాడాల సంగతి ఇంకా విచిత్రం. వాళ్ల చుట్టాలు భైంసా వైపు ఎస్టీలు, వీళ్లు ఇక్కడ విముక్త జాతి, వీజే-ఏ, 3 శాతం. పెళ్లిళ్లు అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయి, కోటా మాత్రం గీత దగ్గర ఆగిపోతుంది.

ఈ సమితులు ఎందుకొచ్చాయో మా కాలేజీ క్లర్కు ఒకసారి చెప్పాడు. మహారాష్ట్రలో ఇద్దరు అక్కచెల్లెళ్లు మహాదేవ కోలీ అని చెప్పి ఎస్టీ కోటాలో మెడికల్ సీట్లు తీసుకున్నారు. వాళ్ల కుటుంబం బడి కాగితాల్లో హిందూ కోలీ అని ఉంది, అది ఎస్టీ కాదు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1994లో కోర్టు తీర్పిస్తూ, కుల ధ్రువపత్రాలను ఎలా పరిశీలించాలో పద్ధతి గీసింది: సమితి ఉండాలి, దాని కింద పోలీసు అధికారితో విజిలెన్సు విభాగం ఉండాలి, ఇంటికెళ్లి విచారించాలి. మహారాష్ట్ర ఆ పద్ధతికి ఏకంగా ఒక చట్టమే చేసింది, 2001లో 23వ నంబరు చట్టం. అబద్ధపు సర్టిఫికెట్ అని తేలితే సీటు, డిగ్రీ, ఉద్యోగం అన్నీ పోతాయి. ఎన్నేళ్లు పనిచేసినా సరే, దయ చూపడానికి లేదని 2017లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఇదంతా విన్నాక నాకు సమితి మీద కోపం రాలేదు. దొంగ కాగితంతో పోయే సీటు మాలాంటి వాళ్లదే కదా.

కానీ దొంగలను పట్టడానికి పెట్టిన జల్లెడలో చదువు రాని ఇళ్లవాళ్లే ఎక్కువ చిక్కుకుంటారు. ఎందుకంటే ఇక్కడ అడిగేది నీ కులం ఏమిటని కాదు, నీ తాత కులం ఏ కాగితంలో ఉందని. ఒక్కో వర్గానికి ఒక్కో తేదీ ఉంది. ఎస్సీలైతే 10 ఆగస్టు 1950, ఎస్టీలైతే 6 సెప్టెంబరు 1950, విముక్త, సంచార జాతులకు 21 నవంబరు 1961, ఓబీసీలకు 13 అక్టోబరు 1967. ఆ రోజుకు ముందే నాయన తరఫు పూర్వీకుడెవరిదో ఒకరిది కులం రాసిన కాగితం చూపించాలి. ఆ రోజుకు కుటుంబం మహారాష్ట్రలోనే కాపురం ఉన్నట్టూ చూపించాలి. దేశ్‌ముఖ్‌ల ఇంట్లో అలాంటి కాగితాలు పెట్టెల నిండా ఉంటాయి. సారె తిప్పి కుండలు చేసి, ఆము కాల్చి, గంపలో పెట్టుకుని ఊరూరా అమ్మినవాడికి ఏ దఫ్తరుతో పని పడింది?

మా తాత మాత్రం కొంచెం చదువుకున్నాడు. అదే మమ్మల్ని కాపాడింది, అదే తిప్పలూ పెట్టింది.

మా కాలేజీలో పదకొండో తరగతిలోనే ఫారాలు నింపించారు. చదువు కోసమైతే నమూనా 16, దానితోపాటు వంశవృక్షం మీద నమూనా 3లో ప్రమాణపత్రం, కాగితాలన్నీ నిజమని నమూనా 17లో ఇంకో ప్రమాణపత్రం. బాపు సేతు కేంద్రంలో (మీసేవ లాంటిది) కూర్చుని వంశావళి చెప్తుంటే కంప్యూటర్ ముందున్న అబ్బాయి మా ముత్తాత దగ్గర ఆగాడు. "ముత్తాతకు అన్నదమ్ములెందరు?" బాపుకు తెలియదు. నాయనమ్మకు ఫోన్ చేస్తే అక్కడినుంచి పాఠం మొదలైంది: ఎవరు ఎవరికి పుట్టారు, ఎవరు ఇల్లరికం పోయారు, ఎవరు చిన్నప్పుడే పోయారు. ఆ అబ్బాయి ఓపిగ్గా అన్నీ రాసుకున్నాడు. అందులో ఆడవాళ్ల పేర్లు ఒక్కటీ లేవు. నాయనమ్మ గుర్తుపెట్టుకుని చెప్పిన వంశంలో నాయనమ్మకే చోటు లేదు.

తర్వాత కాగితాల వేట. ముందు మా పల్లె జిల్లా పరిషత్ బడిలో పెదనాయన ప్రవేశ్-నిర్గమ్ ఉతారా తీసుకున్నాం. బడిలో చేరిన, వదిలిన పిల్లల పెద్ద రిజిస్టరు నుంచి తీసిచ్చే నకలు అది. 1965లో చేరాడు. తాత పేరుంది, ఊరి పేరుంది, ఇంటిపేరు చివర మరాఠీ పద్ధతిలో 'వార్' తగిలించి ఉంది. కులం గడిలో మాత్రం 'తెలంగ్' అని ఉంది. ఆ రోజుల్లో మరాఠీ పంతులు మీరెవరని అడిగితే, తెలుగోళ్లమని ఇంట్లోవాళ్లు చెప్పి ఉంటారు. ఆయన అదే రాసుకున్నాడు. మా వైపు పాత రిజిస్టర్లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సాలె, కుమ్మరి, మున్నూరు, అందరూ అక్కడక్కడా తెలంగులే అయిపోయారు. బాబాయి 1969లో చేరాడు, ఆయన గడిలో చక్కగా 'కుంభార్' అని ఉంది. కానీ అది 1967 దాటాక రాసింది, దాని బలం తక్కువ.

అప్పుడు నాయనమ్మ చెప్పింది. "మీ తాత సదివింది ఇక్కడ గాదు బిడ్డా, భైంసల. మాది లగ్గమైనంకనే ఇటు దిక్కు వచ్చినం."

భైంసా ఇప్పుడు తెలంగాణ, నిర్మల్ జిల్లా. నేనూ బాపూ బస్సెక్కాం. అక్కడి పాత బడిలో హెడ్మాస్టరు మంచివాడు. "మహారాష్ట్ర నుంచి ఇట్లనే వస్తుంటరమ్మా" అని, అటెండరుతో బీరువా తీయించాడు. రిజిస్టరు ఉర్దూలో ఉంది. మాకిద్దరికీ అక్షరం రాదు. ఆ బడిలోనే పనిచేసే ఉర్దూ సార్ ఒకాయన తన పిరియడ్ అయ్యాక వచ్చి, ఒక్కో పేజీ మీద వేలు నడిపించుకుంటూ చదివాడు. అదృష్టం, పురుగు తినని పేజీలోనే తాత ఉన్నాడు. తాత పేరు, ఆయన నాయన పేరు, ఊరు, కులం దగ్గర కుమ్హార్, సంవత్సరం 1358 ఫస్లీ. నిజాం రాజ్యంలో కాగితాలన్నీ ఫస్లీ సంవత్సరాల్లోనే నడిచేవి. దానికి 590 కలుపుకుంటే మన లెక్కకొస్తుంది, అంటే 1948–49. పోలీసు చర్య జరిగిన ఏడాది. నిజాం పోయాడు, రిజిస్టరు మాత్రం ఆయన లెక్కలోనే సాగింది.

ఇప్పుడు పరిస్థితి ఇది. ఒక కాగితంలో కులం ఉంది, అది మహారాష్ట్రది కాదు. ఇంకో కాగితం మహారాష్ట్రది, అందులో కులం లేదు. భైంసా కాగితంలో ఇంటిపేరు లేదు, ధర్మాబాద్ కాగితంలో ఉన్న ఇంటిపేరుకు తోక ఉంది. ఈ రెండింటిలో ఉన్నది ఒకే మనిషని మూడోవాడు నమ్మాలి.

ఉర్దూ కాగితాన్ని ఊరికే జిరాక్స్ చేసి పెడితే చెల్లదు. అధికారం ఉన్న అనువాదకుడు మరాఠీలోకి మార్చి సంతకం, ముద్ర వేయాలి. అప్పట్లో అలాంటివాళ్లను వెతుక్కుంటూ పోవాల్సి వచ్చేది. 2023లో మరాఠా రిజర్వేషన్ ఆందోళన తర్వాత మరాఠ్వాడాలో మరాఠాలను ఓబీసీలోని కుణబీ కులంగా చూపే నిజాం కాలపు నమోదులు వెతకడానికి ప్రభుత్వం జస్టిస్ సందీప్ శిందే కమిటీని వేసింది. దాంతో ఒక్కసారిగా ఉర్దూ, పాత మరాఠీ రాత అయిన మోడీ లిపి చదవగలిగే ముసలివాళ్లకు గిరాకీ పెరిగింది. 2025 సెప్టెంబరులో నిజాం కాలపు హైదరాబాద్ గెజిట్ ఆధారంగా ప్రభుత్వం జీవో ఇచ్చాక ఆ గెజిట్ పేరు టీకొట్లలో కూడా వినపడింది. మా తండావాళ్లు కూడా అదే గెజిట్ చూపించి తమను ఎస్టీల్లో చేర్చమని మోర్చాలు తీశారు. నేను తిరిగిన రోజుల్లో పాత ఉర్దూ కాగితం పట్టుకుని పోతే, ఇదెక్కడి తలనొప్పి అన్నట్టు చూసేవాళ్లు.

కాగితాలు దాఖలు చేశాక విజిలెన్సు విచారణ. దక్షతా పథక్ అనే విజిలెన్సు బృందం నుంచి ఇద్దరు మా ఇంటికొచ్చారు. మరాఠీలో అడుగుతున్నారు, నాయనమ్మ తెలుగులో చెబుతోంది, నేను మధ్యలో. కులదైవం ఎవరు, మీ దగ్గర ఏ ఇంటిపేర్లవాళ్లతో వియ్యమందుతారు, సంప్రదాయ వృత్తి ఏమిటి. సారె ఇప్పుడుందా అని అడిగితే నాయనమ్మ వాళ్లను దొడ్లోకి తీసుకుపోయి చూపించింది. ఊరుకోకుండా, మీరెవరి పిల్లలు, మీ అమ్మలు కుండలో వండుతారా కుక్కర్లోనా అని వాళ్లనే విచారించింది. నేను ఆ మాట అనువాదం చేయలేదు. వాళ్లలో ఒకాయన తెలుగు తెలిసినవాడే కాబోలు, నవ్వాపుకున్నాడు. పంచనామా రాసుకుని, ఇరుగుపొరుగు ఇద్దరి సంతకాలు తీసుకుని పోయారు. భైంసా బడికి సమితి నుంచి లేఖ వెళ్లింది. అసలు రిజిస్టరుతో సరిచూశామని అక్కడి హెడ్మాస్టరు తిరిగి రాయాలి. ఆ జవాబు కోసమే ఎక్కువ రోజులు కాచుకున్నాం.

తర్వాత సునావణి, అంటే సమితి ముందు హాజరు. ముగ్గురు కూర్చున్నారు. మర్యాదగానే మాట్లాడారు, కానీ ప్రశ్న సూటిగా పడింది. "తాయీ, ఈ దాఖలా తెలంగాణది. మీరు పరరాష్ట్రం నుంచి వలస వచ్చినవాళ్లు కదా?"

ఈ ప్రశ్న వస్తుందని మా ఊరి రిటైర్డు మరాఠీ మాస్టారు ముందే చెప్పి, జవాబు కూడా సిద్ధం చేసి పంపారు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలో బొంబాయి రాష్ట్రం గురించి చెప్పే 8వ సెక్షన్ ప్రతి నా ఫైల్లో ఉంది. హైదరాబాద్ రాజ్యంలోని నాందేడ్ జిల్లాను బొంబాయికి ఇస్తూ, అందులోంచి కొన్ని సర్కిళ్లను మినహాయించారు: దెగ్లూర్ తాలూకాలో బిచ్కుంద, జుక్కల్, ముధోల్ తాలూకాలో ముధోల్, భైంసా, కుబీర్. అంటే 1 నవంబరు 1956 దాకా భైంసా నాందేడ్ జిల్లాలోనే ఉంది. తాత బడికెళ్లినప్పుడు ఆయనది నాందేడ్ జిల్లాయే. అటు ఆదిలాబాద్ నుంచి కిన్వట్, రాజురా తాలూకాలు ఇటు వచ్చాయి. మేస్త్రీలు గోడ జరిపినట్టు గీత జరిపారు, లోపలున్న మనుషులకు గది మారిపోయింది.

సమితిలో మధ్యన కూర్చున్నాయన ఆ ప్రతిని పూర్తిగా చదివారు. "సరే, బడి నాటికి నాందేడే. కానీ మీ తాత ఇటు వచ్చింది 1956 తర్వాత కదా?" అన్నారు. అవును. పెళ్లయ్యాక 1958లోనో 1959లోనో వచ్చాడు, అప్పటికి మధ్యలో రాష్ట్రాల సరిహద్దు పడిపోయింది. ఇక్కడ పనికొచ్చింది పెదనాయన కాగితం. దాంట్లో కులం తప్పో ఒప్పో, 1965లో ఈ కుటుంబం ధర్మాబాద్ తాలూకాలో ఉందని అది చెబుతుంది. ఓబీసీల తేదీ 1967 అక్టోబరు. ఆ రోజుకు మేం ఇక్కడివాళ్లమే. కులానికి భైంసా కాగితం, కాపురానికి ధర్మాబాద్ కాగితం. 'తెలంగ్' అన్న మాట కులం పేరు కాదు, దానికంటే పాత నమోదులో కుమ్హార్ అని స్పష్టంగా ఉంది. పాత కాగితానికే బలం ఎక్కువ. ఈ వాదనంతా నాదేనని చెప్పుకోను. మాస్టారు నాతో రాత్రిళ్లు వల్లె వేయించారు.

సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి నా పన్నెండో తరగతి పరీక్షలు అయిపోయాయి. క్యాప్ రౌండ్లు, అంటే సీట్ల కౌన్సెలింగు, మొదలవక ముందే వచ్చింది కాబట్టి సరిపోయింది. మా క్లాసులో ఒక అబ్బాయికి రాలేదు. వాడికి ఎంహెచ్‌టీ-సీఈటీ ప్రవేశ పరీక్షలో నాకంటే మంచి పర్సంటైల్ వచ్చింది. గడువులోగా వ్యాలిడిటీ పెట్టకపోతే ఓపెన్‌లోకి మారుస్తారు. వాడిని మార్చారు, సీటు వేరేచోట, ఫీజు పూర్తిగా. అతని తాత బడి మొహం చూడలేదు, అంతే తేడా.

ఇక నాన్ క్రీమీలేయర్, అంటే ఇంటి ఏడాది రాబడి గీత దాటలేదనే సర్టిఫికెట్. ఇది ఓబీసీలకు అదనపు మెట్టు, ఎస్సీ ఎస్టీలకు ఉండదు. 8 లక్షల గీత అందరికీ తెలిసిందే. మా ఇంటి రాబడికి ఆ గీత కనుచూపు మేరలో లేదు. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) రిపోర్టు, తహసీల్దారు ఆదాయ పత్రం, సర్టిఫికెట్, అంతటితో అయిపోయింది.

సీటు ఎలా పంచుతారో నాకు అసలు అర్థమైంది అలాట్‌మెంట్ లెటర్ వచ్చినప్పుడే. నా పేరు పక్కన ఎల్‌ఓబీసీహెచ్ అని ఉంది. ఎల్ అంటే ఆడపిల్లలకు కేటాయించినది, మధ్యలోది ఓబీసీ, చివరి హెచ్ అంటే హోమ్ యూనివర్సిటీ. పన్నెండో తరగతి ఏ యూనివర్సిటీ పరిధిలో పాసైతే అదే మన హోమ్. మాకు నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం. 70 శాతం సీట్లు హోమ్‌వాళ్లకు, 30 శాతం బయటివాళ్లకు. అరవై సీట్ల క్లాసులో ఓబీసీ 19 శాతం అంటే పదకొండు పైచిలుకు. అందులో హోమ్ వాటా ఎనిమిది. అందులో ఆడపిల్లలకు 30 శాతం, రెండో మూడో. బయటినుంచి చూసేవాళ్లకు 19 శాతమని కనపడేది, లోపలికి పోతే ఇద్దరు ముగ్గురు అమ్మాయిల మధ్య పోటీ. ఆ గడిలో అమ్మాయిలు దొరక్కపోతే సీటు అదే వర్గం అబ్బాయికి పోతుంది.

ఇక్కడ చాలామంది తికమకపడేది ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వంటివి నిలువు గడులు. ఆడవాళ్లు, వికలాంగులు, సైనికుల పిల్లలు అడ్డ గడులు. అడ్డ గడి ఏ నిలువు గడి మీద పడితే అందులోనే లెక్క. 'ఓపెన్' అనేది కులం కోటా కాదు, అది అందరిదీ. కాబట్టి కంప్యూటరు ముందు నన్ను ఓపెన్‌లోనే చూస్తుంది, అక్కడ మెరిట్ చాలకపోతేనే ఓబీసీలోకి దించుతుంది. ఓపెన్‌లో సీటు తెచ్చుకున్న ఓబీసీ పిల్ల ఓబీసీ లెక్కలోకి రాదు. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు నుంచీ ఇది స్థిరమైన సంగతే. అయినా మా హాస్టల్‌లో "మీకు 19, మాది 50 కూడా మీరే తింటారు" అనే అమ్మాయితో నేను వాదించి వాదించి చివరికి మానేశాను. వాళ్ల నాయన నాన్ క్రీమీలేయర్ కంటే ఎక్కువ సంపాదిస్తాడు, కోచింగ్‌కు లాతూర్ పంపించాడు. ఆ మాట నేను ఎత్తలేదు, ఎత్తాల్సింది.

ఇంకో సంగతి కూడా ఆ బ్రోచర్లలోనే చూశాను. మహారాష్ట్ర-కర్ణాటక వివాదాస్పద సరిహద్దు గ్రామాల పిల్లలకు ఇక్కడ ప్రత్యేకంగా కొన్ని సీట్లుంటాయి. మా తెలుగు సరిహద్దు మీద ఎవరికీ వివాదం లేదు, అందుకని మాకు సీట్లూ లేవు. నెమ్మదిగా ఉన్నందుకు ఇదీ ఫలితం అని మా మాస్టారు నవ్వుతుండేవారు.

ఫీజు సంగతి రెండు ముక్కల్లో. నాకు ఓబీసీ కింద ట్యూషన్ ఫీజులో సగం ప్రభుత్వం కట్టింది. 2024–25 నుంచి 8 లక్షల లోపు ఆదాయమున్న ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్‌ఈబీసీ (మరాఠాల కోటా) ఇళ్ల ఆడపిల్లలకు వృత్తి విద్యా కోర్సుల్లో మొత్తం కడుతున్నారు. మా చెల్లెలు ఆ పుణ్యానికి నోచుకుంది.

ఉద్యోగానికొచ్చేసరికి లెక్క మారుతుంది. సీట్లు ఏటా కొత్తగా పంచుతారు, ఉద్యోగాలు అలా కాదు. ఒక్కో కేడరుకు బిందునామావళి అనే రిజిస్టరు ఉంటుంది. వంద బిందువులు, ఒక్కో బిందువు ఒక్కో వర్గానిది. ఓబీసీ బిందువు మీదున్న ఇంజనీరు రిటైరైతే ఆ చోటికి మళ్లీ ఓబీసీయే రావాలి. అందుకే ఒక జిల్లా ప్రకటనలో ఓబీసీకి అయిదు పోస్టులుంటాయి, పక్క జిల్లాలో సున్నా. కోటా ఎత్తేశారని గొడవ చేసేవాళ్లు ఈ రిజిస్టరు సంగతి తెలియక చేస్తారు. నిండిపోయి ఉంటే ఖాళీ రాదు. రిజర్వేషన్ లెక్క ఖాళీల మీద కాదు, మొత్తం పోస్టుల మీద అని 1995లో ఆర్.కె. సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

శాతాలు కూడా ఊరికొక తీరు. సిరోంచలో నా స్నేహితురాలుంది, మనలాగే ఇంట్లో తెలుగు. గడ్చిరోలి జిల్లాలో ఆదివాసులు ఎక్కువ కాబట్టి జిల్లా స్థాయి క్లాసు-3, క్లాసు-4 పోస్టుల్లో ఎస్టీ వాటా పెంచారు, దానికోసం ఓబీసీ వాటా చాలా ఏళ్లు 6 శాతానికి తగ్గించి ఉంచారు, తర్వాత 17 చేశారు. ఒకే రాష్ట్రం, ఒకే ఓబీసీ, నాకు 19, ఆమెకు ఆ ఏళ్లలో 6. ఆదివాసులకు ఆ వాటా న్యాయమేనని ఆమె కూడా ఒప్పుకుంటుంది. కోతలో ఎక్కువ భాగం తమ మీదే ఎందుకు పడిందనేది ఆమె ప్రశ్న.

నేను జిల్లా పరిషత్ కనిష్ఠ అభియంతా, అంటే జూనియర్ ఇంజనీరు, పోస్టుకు వేశాను. ప్రకటనలోని పట్టిక చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒక్కో కులవర్గం కింద మహిళలు 30 శాతం, మాజీ సైనికులు 15, ఆటగాళ్లు 5, ప్రాజెక్టు నిర్వాసితులు 5, భూకంప బాధితులు 2, అనాథలు 1, ఇంకా ఉన్నాయి. భూకంపం అంటే 1993 సెప్టెంబరు 30న లాతూర్ వైపు కిల్లారిలో వచ్చినది. అప్పుడు ఇళ్లు పోయిన కుటుంబాల కోసం పెట్టినది ఇప్పటికీ పట్టికలో ఒక గడిగా ఉంది.

ఎంపిక జాబితాలో నా పేరు ఎక్కడ దొరికిందంటే, ఓబీసీ మహిళ గడిలో కాదు, ఓపెన్ మహిళ గడిలో. ముందు పొరపాటు పడిందనుకుని దఫ్తరులో అడిగాను. కాదన్నారు. ఒకప్పుడు ఓపెన్ మహిళ గడిలోకి మాలాంటి వాళ్లను చాలాచోట్ల రానిచ్చేవాళ్లు కాదు, అది ఓపెన్ కులాల ఆడవాళ్లదే అన్నట్టు నడిపేవారు. 2020 డిసెంబరులో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఆ గడి ఏ ఒక్కరిదీ కాదని, మెరిట్ ఉన్న ఏ ఆడమనిషైనా అందులోకి రావచ్చని తేల్చింది. నా మార్కులు ఓపెన్ మహిళ కటాఫ్ దాటాయి. నా తర్వాత ఓబీసీ గడిలో ఇంకో అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, ఆమెది ముఖేడ్ దగ్గర పల్లె. అయినా చేరిన వారంలోనే పక్క సీటాయన "మీది రిజర్వేషనే కదా మేడం" అన్నాడు. జాబితా తీసి చూపించాను. "అయినా మీవాళ్లకి ఉంటది కదా" అన్నాడు. దానికి ఏం చెప్పాలి? టీ తాగి సైటుకు పోయాను.

అయితే నా వ్యాలిడిటీ ఊరికే పోలేదు. నాయన తరఫు రక్తసంబంధీకుల్లో ఒకరికి విచారణ జరిగి వ్యాలిడిటీ వస్తే, మిగతావాళ్లకు దాని ఆధారంగానే ఇవ్వాలని బొంబాయి హైకోర్టు 2010లో చెప్పింది. నా తర్వాత తమ్ముడికి, చెల్లెలికి, బాబాయి పిల్లలకు ఆ ఫైలే పనిచేసింది. భైంసాకు మళ్లీ ఎవరూ పోలేదు.

పనిచేయనిది ఒక్కరికే. మా పెద్దమేనత్తను భైంసా దగ్గరే ఇచ్చారు. ఆమె పెద్దకూతురిని, మా వదినను, ధర్మాబాద్‌లోనే కుమ్మరుల ఇంటికి ఇచ్చారు. వదిన దగ్గర తెలంగాణ బీసీ-బి సర్టిఫికెట్ ఉంది. మహారాష్ట్ర ఉద్యోగానికి వేస్తే అది చెల్లదన్నారు. ఓపెన్‌లో రాసింది, వయసు దాటింది. మర్రి చంద్రశేఖర రావు కేసు అని ఒకటుంది, 1990ది. తెనాలిలో పుట్టిన మన తెలుగు అబ్బాయి, ఆంధ్రలో గౌడు తెగ, ఎస్టీ. తండ్రి ఉద్యోగం బొంబాయికి మారితే అక్కడ మెడికల్ సీటు ఎస్టీ కోటాలో అడిగాడు. కులం, తెగ జాబితా ఆ రాష్ట్రానికి సంబంధించే ఉంటుంది, మనిషి వెంట రాదని సుప్రీంకోర్టు అంది. వదినకు ఈ కేసు చెప్తే, "ఆ పిల్లగాడన్న బొంబాయి దాకా పోయిండు, నేను రెండు స్టేషన్లు దాటలే" అంది.

ఇప్పుడు ఆమె కొడుకు పదకొండో తరగతి సైన్సులో చేరాడు. వాడికి తల్లి తరఫు కాగితాలు, అంటే నా ఫైలు, పనికిరావు. తండ్రి తరఫువే కావాలి. వాళ్ల తాత బడికి పోలేదు. నిన్న ఫోన్‌లో వదినకు చెప్పాను: తాతకు లేకపోతే తాత అన్నదమ్ములెవరైనా చదివారేమో చూడు, తహసీలులో పాత జనన మరణ రిజిస్టరు అడుగు, 1951 పౌరుల నమోదు పుస్తకం ఉందేమో అడుగు, ఏది దొరికినా 1967 అక్టోబరు 13కు ముందుదై ఉండాలి. చిన్నతాత ఒకాయన బిలోలిలో రెండో తరగతి దాకా చదివాడని వాళ్ల అత్తగారు అంటోందట. సోమవారం బావ ఆ బడికి పోతున్నాడు.